క్రిస్టినా చదివిన సగం

ఈ మాట ఆ పుస్తకంలో లేదు. మొదటి పేజీ నుంచి ఆఖరి పేజీ దాకా వేలు పెట్టి వెతికినా లేదు. అయినా అదే మాట నూతన సంవత్సర శుభాకాంక్షల కింద బంగారు రంగు అక్షరాల్లో అచ్చయి, కట్టలు కట్టలుగా అట్టపెట్టెలో సర్దుకుని తన ఒళ్ళోనే కూర్చుంది. బెంజ్ సర్కిల్ దాటగానే కొరియర్ ఆఫీసు. సాయంత్రం వాళ్ళ బండి కదిలేలోపు పెట్టె చేతికిస్తే ఇక ఎవరూ వెనక్కి తేలేరు, ఈలోపే నోరు తెరిచి చెప్పాలి, చెబితే పరువు పోతుంది, చెప్పకపోయినా పోతుంది గాని నాలుగు రోజులు ఆగి పోతుంది, అనుకుంటూ వీరమ్మ కారు వెనక సీట్లో కూర్చుంది. బందరు రోడ్డు మీద బండ్లన్నీ ఆగిపోయి చాలాసేపయింది. ముందొక సిటీ బస్సు, వెనక ఇంకొక బస్సు, పక్కన ఆటోలో ఒక చంటిబిడ్డ అద్దంలోంచి తననే చూస్తోంది. ఎవరో పెద్దమనిషి వస్తున్నాడని పోలీసులు ఆపేశారట, డ్రైవరు కోటి కిందికి దిగి కనుక్కుని వచ్చాడు. కోటి దిగగలడు. తను దిగలేదు. వెనక తలుపులకి మనవడు బుడ్డోడుగా ఉన్నప్పుడు ఏదో తాళం పెట్టించారు, లోపలినుంచి లాగితే రాదు. మెడ మీంచి ఒంటికి అడ్డంగా బెల్టు కట్టారు, అది ఎక్కడ నొక్కితే ఊడుతుందో ఆమెకి ఈనాటికీ తెలియదు. అడిగితే చెబుతారు. అడగడానికే సిగ్గు. ఏసీ చల్లగాలి మోకాళ్ళ మీదికి కొడుతోంది, ఎక్కడో దాచిన మల్లెపూల సెంటు వాసన వస్తోంది, ఆ వాసన తన కోసమే పెట్టించారేమోనని ఆమెకి ఎక్కిన ప్రతిసారీ అనుమానం.

ముందు సీట్లో కోడలు పద్మశ్రీ ఫోనులో మాట్లాడుతోంది. "ఆఁ వదినా, ఇవాళే పంపించేస్తున్నాం. ఈసారి కొటేషన్ చూడండి, ఎంత బాగుందో. మా అత్తయ్యగారి సెలక్షనే. ఆవిడ చదవని పుస్తకం లేదు వదినా. లేదండీ, స్కూలుకి వెళ్ళలేదు. అదే కదా గొప్ప."

చదవని పుస్తకం లేదు. ఒక్కటంటే ఒక్కటి మొదటినుంచి చివరిదాకా చదివింది లేదు, ఇవాళ మధ్యాహ్నం వరకూ. ఆ సంగతి ఎలా చెప్పడం? మణికుమార్ ఐస్ ఫ్యాక్టరీ పెట్టి, చేపల మేత డీలర్‌షిప్ తీసుకుని, భవానీపురంలో కృష్ణ కనిపించే ఫ్లాటు కొని, తల్లిని తెచ్చి అందులో పెట్టినప్పుడు వీరమ్మ ఆ ఇంట్లో ఏం చెయ్యాలో తెలియక బాల్కనీలో నిలబడి ఇసుకకేసి చూస్తూ ఉండిపోయేది. వంటమనిషి ఉంది, పనిమనిషి ఉంది, లిఫ్టులో ఒక్కతే దిగాలంటే భయం. ఎవరైనా చుట్టాలొస్తే లోపలి గదిలోకి తనంతట తనే వెళ్ళిపోయేది, ఎవరూ వెళ్ళమనకముందే. ఒకసారి చిక్కుడుకాయలు తుంచుతూ, ఎండిన పువ్వుకి వాసన పోదు, మనమే ముక్కు దగ్గర పెట్టుకోవడం మానేస్తాం, అని దేన్నో తలుచుకుని పైకే అనేసింది. పద్మశ్రీ ఆగిపోయి, ఇది ఎక్కడిదండీ అని అడిగింది. ఏదో పుస్తకంలోది, అంది వీరమ్మ. ఆ ఏడాది కంపెనీ కార్డు మీద దేవుడి బొమ్మ తీసేసి ఆ మాట వేయించింది పద్మశ్రీ, వెనకవైపు చిన్న అక్షరాల్లో 'ఎంపిక: శ్రీమతి వీరమ్మ గారు' అని కూడా. అంతే, బ్యాంకు మేనేజరు భార్య ఫోను చేసింది, కళ్ళ డాక్టరు తన గది గోడకి అంటించుకున్నాడు, కాలేజీలో తెలుగు చెప్పే మేడం ఒకావిడ ఇంటికే వచ్చి వీరమ్మ చెయ్యి పట్టుకుంది. ఇక అప్పటినుంచి చుట్టాలొస్తే హాల్లో కూర్చోబెడుతున్నారు. అత్తయ్యగారూ, ఏదైనా ఒక మాట చెప్పండి, అంటారు. చెబుతుంది. ఒక్క వాక్యం ఉన్న మనిషికి ఒక కుర్చీ ఉంటుంది ఆ హాల్లో. లేకపోతే మళ్ళీ లోపలి గది, మళ్ళీ బాల్కనీ. ఇప్పుడు నోరు తెరిచి పద్మా, నేను చదివినవన్నీ పొట్లాల కాగితాలు అని ఎలా చెప్పడం?

చదువు ఆమెకి హనుమాన్ జంక్షన్‌లో వచ్చింది, ఎండుచేపల గంప వెనక కూర్చుని. ఏలూరు నుంచి వచ్చే బస్సు, గుడివాడ పోయే బస్సు, నూజివీడు పోయే బస్సు అన్నీ అక్కడే ఆగేవి. కండక్టరు తలుపులోంచి వేలాడుతూ గుడివాడ గుడివాడ గుడివాడ అని అరిచేవాడు, బస్సు నుదుటి మీద ఆ అక్షరాలే ఉండేవి. వినీ వినీ, చూసీ చూసీ, గుండ్రంగా తోక తిప్పుకున్నది 'గు' అని, పక్కది 'డి' అని ఒకరోజు దానంతటదే తెలిసిపోయింది. ఆ తర్వాత నూజివీడు వచ్చింది, నూజివీడులో 'నూ'తో ఏలూరులో 'లూ' కుదిరింది. ఊళ్ళ పేర్లన్నీ అయిపోయాక సినిమా గోడలు. ఆ తర్వాత గంపలో ఉన్న కాగితాలు. చేపలు కట్టివ్వడానికి పాత కాగితాల కొట్లో తూకానికి కొనేవాళ్ళు, ఆమె, క్రిస్టినా. ఇద్దరిదీ కొల్లేటి ఒడ్డున ఒకే ఊరు, ఒకే పేట కాదు, అయినా తెల్లారి ఒకే బస్సు, పక్కపక్క గంపలు. తూకంలో పుస్తకం వస్తే క్రిస్టినా దాన్ని మోకాలి మీద పెట్టి వెన్ను విరిచి రెండు చేసేది. ముందు సగం నీకు, వెనక సగం నాకు, అనేది, నాకు మొదళ్ళు అక్కర్లేదే, ఎట్టా మొదలైందో నాకు తెలుసు, ఎట్టా పోయిందో చెప్పు చాలు అనేది. క్రిస్టినా చదువు ఆదివారం బళ్ళో నేర్చుకున్న చదువు. ఎప్పుడూ బైబిలు చంకలో ఉండేది, గుళ్ళో తెరిచి పట్టుకుని కీర్తనలు గడగడా చదివేది. తనలాగా బస్సుల మీద నేర్చుకున్న గతుకుల చదువు కాదు. సాయంత్రం గంపలు ఖాళీ అయ్యాక, బస్సు కోసం ఎదురుచూస్తూ, వీరమ్మ తన సగం చెప్పేది. క్రిస్టినా తన సగంలోంచి మిగిలిన కాగితాలు ఒక్కొక్కటీ మొహానికి దగ్గరగా పెట్టుకుని, కాసేపు చూసి, తర్వాత ఏమైందో చెప్పేది. చెప్పగానే ఆ కాగితాన్ని మడిచి బొడ్లో దోపుకునేది, పొద్దున్నే పొట్లానికి. అలా ఎన్నో పుస్తకాలు. వీరమ్మ మనసులో అవన్నీ నిండు పుస్తకాలే. సగం కళ్ళతో, సగం చెవులతో. ఏది చదివింది, ఏది విన్నది అని ఎన్నడూ వేరు చేసుకోలేదు, చేసుకోవాలని కూడా తోచలేదు. ఈసారి పద్మశ్రీ వచ్చి ఏం వేద్దాం అత్తయ్యా అంటే, ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా నోటికొచ్చిన మాట చెప్పేసింది. ఏ పుస్తకంలోదండీ అంటే, తన సగానికి ఉన్న అట్ట మీద పేరు గుర్తుండి, ఉప్పుటేటి మలుపు అని చెప్పింది. పద్మశ్రీ ఆ రాసినాయన పేరు కనుక్కుని అది కూడా వేయించింది. ఇదిగో, పెట్టె మూత సందులోంచి కనిపిస్తూనే ఉంది:

వచ్చే పండక్కి అందరం ఒక్కచోట కూర్చుని తింటాం. అంతదాకా పొయ్యి ఆరనివ్వకు.

"మేడమ్, ఈ లెక్కన న్యూ ఇయర్ ఇక్కడే చేసుకోవాలి మనం" అన్నాడు కోటి, స్టీరింగు మీద వేళ్ళతో దరువేస్తూ. పద్మశ్రీ నవ్వింది. వీరమ్మ కూడా నవ్వబోయింది గాని మొహం మీదికి నవ్వు రాలేదు.

తన మొగుడు గంగరాజు వెళ్ళేటప్పుడు ఏమన్నాడు? ఏమీ అనలేదు. అదే ఆమెని ఇన్నేళ్ళుగా కొరుక్కు తినేది. పారాదీపు బోట్ల పనికి పోతున్నానని ముందురోజే అన్నాడు, తెల్లవారుజామున గట్టు మీద నడిచి పోతూ ఒక్కసారి వెనక్కి తిరిగితే, పిలవకూడదని, వెనక నుంచి పిలిస్తే వెళ్ళే పని చెడుతుందని నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. పిలిచి ఉంటే? మణి అప్పటికి పాలు తాగే బిడ్డ. అమ్మ పోయినప్పుడూ అంతే, ఇప్పుడే వస్తానని గుడివాడ ఆసుపత్రి మెట్లు దిగి టీ కోసం వెళ్ళి వచ్చేలోపు అయిపోయింది. మనుషులు తన ఎదుట ఎవరూ సరిగ్గా వెళ్ళరు. చెప్పి వెళ్ళరు. ఒక పండగ వచ్చింది, గంగరాజు రాలేదు. ఇంకో పండగ. పారాదీపు నుంచి వచ్చినవాళ్ళు ఒకడు చూశామన్నాడు, ఒకడు చూడలేదన్నాడు. ఆ రోజుల్లోనే తూకంలో ఆ పుస్తకం దొరికింది. మొగుడు పడవెక్కి వెళ్ళిపోతాడు, ఉప్పుటేరు మలుపు తిరిగేదాకా ఆవిడ రేవులో నిలబడుతుంది, పడవ కనుమరుగైన చోట వీరమ్మ సగం తెగిపోయింది. మిగతా కాగితాలు పక్క గంపలో ఉన్నాయి. అడగడానికి భయమేసింది. రోజంతా అడగలేదు. సాయంత్రం బస్సు రాకముందు, చూపు ఎటో పెట్టి, వాడొచ్చాడా క్రిస్టినా అంది. క్రిస్టినా కాగితాలు తీసింది. చాలాసేపు చూసింది. వచ్చాడే, అంది. ముందు పడవ నడిపే ఒక సరంగు చేత కబురు పంపాడు, వచ్చే పండక్కి అందరం ఒక్కచోట కూర్చుని తింటాం, అంతదాకా పొయ్యి ఆరనివ్వకు అని. అన్నట్టే పండక్కి వచ్చాడు. కొరమేను పులుసు వండింది. ముగ్గురూ కూర్చుని తిన్నారు. ముగ్గురెవరే, అంది వీరమ్మ. బిడ్డ కూడా ఉందిగా, అంది క్రిస్టినా.

ఆ రాత్రి నుంచి వీరమ్మ పొయ్యి ఆరనివ్వలేదు. నిప్పు మీద బూడిద కప్పి పడుకునేది, లేచి ఊదితే కణకణలాడేది. పెదలంక నుంచి సంబంధం వచ్చింది, పెళ్ళాం పోయినవాడు, సొంత దోనె ఉంది, మణిని కూడా పెంచుతానన్నాడు, మారుమనువు తమ కులంలో తప్పేం కాదు, పెద్దలందరూ సరేనన్నారు. వీరమ్మ మాత్రం తల అడ్డంగా ఊపింది. ఎందుకంటే చెప్పలేదు. పుస్తకంలో వచ్చాడు కాబట్టి, అని ఎవరితో చెబుతుంది? మంచివాడే ఆ మనిషి. గట్టు దిగి వెళ్ళిపోతూ, పోనీలేమ్మా, అన్నాడు. ఆయన కూడా వెళ్ళిపోయాడు. ఇప్పుడు భవానీపురం ఫ్లాటులో గ్యాసు పొయ్యి, నాబు తిప్పితే వెలుగుతుంది, తిప్పితే ఆరుతుంది, అయినా నిద్రపోయే ముందు వంటింట్లోకి వెళ్ళి ఒకసారి చూసి వస్తుంది, ఏం చూస్తుందో తనకే తెలియదు.

నిన్న పద్మశ్రీ పార్సిల్లో తెప్పించి చేతిలో పెట్టింది, ఉప్పుటేటి మలుపు, కొత్త అట్ట, నిండు పుస్తకం. హాల్లో షోకేసులో పెడదాం, ముందు మీరొకసారి చూసుకోండి, అంది. ఇవాళ అన్నం తిన్నాక తెరిచింది. ముందు సగం మొహమెరిగిన మనిషిని చూసినట్టు చదువుకుంటూ పోయింది. పడవ మలుపు తిరిగింది. చింపిన అంచు ఉండాల్సిన చోట ఏమీ లేదు, ఇంకో పేజీ ఉంది, అంతే. తిప్పింది. వాడు కబురు పంపలేదు. సరంగు లేడు. బిడ్డ లేదు, పోయింది, జ్వరం వచ్చి పోయింది. వాడు ఇంకో ఊళ్ళో ఇంకో ఆడమనిషితో తిరునాళ్ళలో నవ్వుతూ కనిపించాడని ఎవరో వచ్చి చెబుతారు. ఆవిడ ఇల్లు అమ్మేసి, తాళంచెవి కొన్నవాళ్ళ చేతికిచ్చి, బస్సెక్కి వెళ్ళిపోతుంది. ఎక్కడికో కూడా రాయలేదు. అయిపోయింది. పొయ్యి అన్న మాటే ఆ వెనక సగంలో లేదు. మళ్ళీ మొదటినుంచీ వేలు పెట్టి వెతుకుతుంటేనే, అత్తయ్యా రండి, కొరియర్ పని చూసుకుని మీ కళ్ళజోడు కూడా తెచ్చుకుందాం, అని పద్మశ్రీ పిలిచింది, పెట్టె ఒళ్ళో పెట్టింది, బెల్టు కట్టింది.

అంటే క్రిస్టినా అబద్ధం చెప్పింది. కాగితం మొహం ముందు పెట్టుకుని, అక్షరాలు కళ్ళకి కనిపిస్తూ ఉండగా, వాడు రాలేదని తెలిసి, వచ్చాడని చెప్పింది. ఆ ఒక్క మాట మీద తను ఒక బతుకు బతికింది. ఎందుకు చెప్పింది? జాలా? ఆట పట్టించడమా? తను మనువాడి పెదలంక వెళ్ళిపోతే పక్క గంప ఖాళీ అవుతుందని స్వార్థమా? అందుకేనేమో తను విజయవాడ వచ్చేసిన రోజు మొహం చూపించలేదు. లారీలో సామాను ఎక్కించాక వీరమ్మ క్రిస్టినా ఇంటికి వెళ్ళి, మణి చేత రాయించిన అడ్రసు కాగితం చేతిలో పెట్టింది. క్రిస్టినా కాగితం చూసింది, వీరమ్మని చూసింది, లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. లారీ హారన్ కొడుతున్నా తియ్యలేదు. ఆ తర్వాత ఏటా కార్డు పంపుతోంది వీరమ్మ, ఒక్కదానికీ జవాబు లేదు. క్రిస్టినా కొడుకు ఎలీషా చేపల మేత కోసం మణి కొట్టుకి వచ్చినప్పుడు వాళ్ళమ్మ నంబరు తీసుకుంది. ఎన్నోసార్లు నొక్కింది, మోగేలోపు కట్ చేసింది. ఈ పెట్టెలోనూ ఒక కార్డు క్రిస్టినాది ఉంది. ఏం పంపడం? నీ అబద్ధం నీకే, బంగారు రంగులో?

పక్క ఆటోలో చంటిబిడ్డ నిద్రపోయింది. బస్సు కండక్టరు కిందికి దిగి బీడీ వెలిగించుకున్నాడు. ఎవరూ ఎక్కడికీ పోవడం లేదు. గాలి తలుపు అవతల ఉంది. వీరమ్మ చేతిసంచిలోంచి ఫోను తీసింది, పెట్టె మీద పెట్టుకుంది, నంబరు నొక్కింది. ఈసారి మోగనిచ్చింది.

"ఎవరూ?"

"నేను. వీరమ్మని."

"ఏ వీరమ్మ? బెజవాడ వీరమ్మగారా?"

"కాదే. జంక్షన్ వీరమ్మని."

"అట్టా చెప్పు మరి" అంది క్రిస్టినా. గొంతు ముసలిదైపోయింది, వెటకారం మాత్రం ముసలిది కాలేదు. "ఏందే, ముక్కు చీదుతున్నావు? ఎక్కడున్నావు?"

"కార్లో."

"కార్లో కూర్చుని ఏడుస్తున్నావా. మేం కింద కూర్చుని ఏడుస్తాం. నువ్వే నయం."

వీరమ్మకి నవ్వొచ్చింది, నవ్వొచ్చినందుకు ఇంకా కోపం వచ్చింది. "ఒకటి అడుగుతా, నిజం చెప్పు. ఉప్పుటేటి మలుపు గుర్తుందా? పుస్తకం. మొగుడు వెళ్ళిపోతాడు, ఆవిడ రేవులో నిలబడుద్ది. నీ సగంలో వాడు తిరిగొచ్చాడని చెప్పావు."

"చెప్పే ఉంటా."

"రాలేదే వాడు. ఇవాళ మొత్తం చదివా. అసలు రానే రాలేదు. నాకెందుకు అబద్ధం చెప్పావు?"

అవతల ఏదో మోటారు చప్పుడు, ఎవరో కోళ్ళని అదిలిస్తున్నారు. వీరమ్మ ఫోను చెవికి ఇంకా గట్టిగా నొక్కుకుంది. ముందు సీట్లో మాటలు ఆగిపోయిన సంగతి ఆమె గమనించలేదు.

"నాకు చదవడం వస్తే కదే, అబద్ధం చెప్పడానికి" అంది క్రిస్టినా.

"ఏంటీ?"

"నాకు చదువెక్కడిది? మా నాన్న బడికి పంపితే గదా. పాస్టరమ్మ చదువుతుంటే విని కీర్తనలు నోటికి పట్టా, అంతే. పుస్తకం తెరిచి పట్టుకుంటే అందరూ చదువుతున్నా అనుకునేవాళ్ళు, నేనూ అనుకోనిచ్చా. నువ్వేమో బస్సుల మీద రాసినయ్యి కూడబలుక్కుని చదివేస్తుంటివి. నాకు రాదని నీకెట్టా చెప్పేది? అందుకే ముందు సగం నీకిచ్చేదాన్ని. నువ్వు చెప్పింది విని, మిగతాది నోటికొచ్చింది చెప్పేదాన్ని. అన్నీ అంతే. అన్ని పుస్తకాలూ."

అన్ని పుస్తకాలూ. వీరమ్మ కళ్ళ ముందు ఒకదాని వెనక ఒకటి తిరిగాయి, కొడుకుని క్షమించిన తండ్రి, ఊరి మధ్యలో బావి తవ్వించిన విధవ, ఉరికంబం దాకా వెళ్ళి వెనక్కొచ్చినవాడు, ఒకళ్ళూ ఉన్నారో లేరో, ఏ పుస్తకంలో ఏమయ్యారో. అడ్రసు కాగితం కూడా తిరిగింది. ఇంతలో క్రిస్టినాయే అంది, "నువ్వు ఎల్లేరోజు కాయితం చేతిలో పెట్టి, ఒకసారి చదివి చెప్పు, తప్పులుంటే మణి దిద్దుతాడు అన్నావు. మణి పక్కనే నిలబడ్డాడు. ఏం చేసేది? తలుపేసుకున్నా."

"కార్డులు పంపా."

"ఎలీషా చూసి, కంపెనీ కార్డులేమ్మా అన్నాడు. గోడకి అంటించా. బొమ్మలు బాగుంటయ్యి."

"నీ మాట పట్టుకుని ఆగిపోయానే నేను" అంది వీరమ్మ. గొంతు తగ్గించాలన్నది కూడా మర్చిపోయింది. "పెదలంక ఆయన్ని కాదన్నా. పుస్తకంలో వచ్చాడని చెప్పావనే కాదన్నా."

"ఏందీ, నా మాట మీద ఆగావా?" క్రిస్టినాకి నిజంగానే కోపం వచ్చింది. "ఇంకేమన్నా విన్నావా నా మాట ఎప్పుడన్నా? చేపలకి ఉప్పు తగ్గించమంటే విన్నావా? ఆ మనిషి మంచోడే, ఎల్లవే అని నేను చెప్పలా? బస్సులో కూర్చుని ఏలూరు దాకా చెప్పా. నువ్వు ఆగాలనుకున్నావు, ఆగావు. ఆ సాయంత్రం వాడు రాలేదని చెప్పుంటే తెల్లారి గంపెత్తేదానివి కాదు, అది మాత్రం నిజం. నీ మొహం అట్టా ఉంది. అందుకని చెప్పా. ఏం చెప్పానో కూడా గుర్తు లేదు."

నిజమే, ఏలూరు దాకా చెప్పింది. ఆ బస్సు, కిటికీ పక్కన క్రిస్టినా, ఎల్లవే పిచ్చిదానా అంటూ మోచేత్తో పొడవడం, ఇన్నేళ్ళూ అది ఎక్కడికి పోయింది? దాన్ని పక్కకి తోసి పుస్తకం ఒక్కటే దాచుకుంది తను. నేరం పుస్తకం మీద వేసెయ్యొచ్చు కాబట్టి.

"ఆఁ, ఉన్నావా? ఈ ఏడు కార్డు మీద ఏం రాశారు? చదువు" అంది క్రిస్టినా.

వీరమ్మ పెట్టె మూత తీసింది. కళ్ళజోడు పాతది, అక్షరాలు అలుక్కుపోతున్నాయి, చూడనక్కర్లేదు కూడా, అయినా కార్డు పైకి తీసి పట్టుకుని, బస్సు బోర్డులు చదివినట్టు ఒక్కొక్క మాటా విడిచి విడిచి చదివింది. "వచ్చే పండక్కి అందరం ఒక్కచోట కూర్చుని తింటాం. అంతదాకా పొయ్యి ఆరనివ్వకు."



"బాగుందే" అంది క్రిస్టినా. "ఎవరో గాని బాగా రాశారు."

వీరమ్మ కార్డు కింద అచ్చయిన, పుస్తకం రాసినాయన పేరు చూసింది. తల ఎత్తేసరికి పద్మశ్రీ సీట్లో పూర్తిగా వెనక్కి తిరిగి కూర్చుని ఉంది, తన ఫోను ఎప్పుడో ఒళ్ళో పడేసుకుంది. వీరమ్మ ఫోను మీద అరచెయ్యి మూసింది. ఇక దాచడానికి ఏమీ లేదు, దాక్కోవడానికి చోటూ లేదు, బెల్టు, పెట్టె, మూసిన తలుపు.

"అత్తయ్యా" అంది పద్మశ్రీ మెల్లగా. "ఈ మాట ఆ పుస్తకంలో లేదా?"

"లేదు."

"మీరు అవన్నీ చదవలేదా అయితే?"

"సగం చదివా. సగం విన్నా."

పద్మశ్రీ మొహంలో ఏం కదిలిందో వీరమ్మకి అర్థం కాలేదు. కోపం వస్తే బాగుండును, కోపమైతే తెలుస్తుంది. వదినతో ఇప్పుడే అంత గొప్పగా చెప్పుకుందే, ఆ మాటలన్నీ ఏమవుతాయి, రేపటినుంచి హాల్లో కుర్చీ ఏమవుతుంది? ముందు బస్సు పొగ వదులుతూ కదిలింది. వెనక హారన్లు మొదలయ్యాయి. కోటి గేరు వేసి, "మేడమ్, బండి ఇంకా ఉంటుంది. కొరియర్ దగ్గర ఆపనా?" అన్నాడు.

"ఆపకు" అంది పద్మశ్రీ. "కార్డులు అచ్చేసిన సంజీవరావు గారి ప్రెస్‌కి పోనీ. ఆ రచయిత పేరు మీద ఏదో ఒకటి అతికించాలి, లేకపోతే ఆ తెలుగు మేడం మనల్ని బతకనివ్వదు." తర్వాత వీరమ్మ వైపు తిరిగి, ఫోనుకేసి గడ్డంతో చూపించి, "ఆవిడ పేరు చెప్పండి. పేరు తప్పు పడితే మళ్ళీ నాకే తిట్లు. ఇంటిపేరుతో సహా కావాలి."

"క్రిస్టినా." అక్కడితో ఆగిపోయింది వీరమ్మ. ఒకే బస్సు, ఒకే తూకం, ఒకే చెట్టు కింద మూత విప్పిన క్యారేజీలు, ఒక బతుకంతా పక్కనే కూర్చుని క్రిస్టినా ఇంటిపేరేమిటో ఎప్పుడూ అడగలేదు. అడగాల్సిన అవసరం రాలేదు. అరచెయ్యి తీసి ఫోను మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుంది.

"ఒసే, పోయిందా ఇది?" అంటోంది క్రిస్టినా. "వీరమ్మా. అంతేనా కార్డులో ఉంది? తర్వాత ఏమైంది? వాడొచ్చాడా మరి?"

కారు బెంజ్ సర్కిల్ వైపు ఒక్కో జానెడూ పాకుతోంది. తెలిసి అడుగుతోందా, తెలియక అడుగుతోందా? ఆ గొంతులో వెటకారం లేదు. ఒక ముసలమ్మ, కోళ్ళు, మోటారు చప్పుడు, గోడ నిండా తను చదవలేని కార్డులు, వాటి కింద కూర్చుని ఒక కథ అడుగుతోంది. రాలేదని చెప్పొచ్చు, మధ్యాహ్నమే చదివింది కాబట్టి. వచ్చాడని చెప్పొచ్చు, కొరమేను పులుసుతో సహా. రెండూ వీరమ్మ నాలిక మీదే ఉన్నాయి. ఫోనులో చెప్పేది కాదది. ఎదురుగా కూర్చుని, మొహం చూస్తూ చెప్పాలి, మొహాన్ని బట్టి చెప్పాలి.

"వచ్చి చెబుతా" అంది వీరమ్మ.